1930 – షోలాపూర్ వాళ్లం మరవకూడని నంబరు

నేను చదివింది నాలుగో తరగతి వరకే. మిల్లులో బ్లోరూమ్‌లో, తర్వాత కార్డింగ్‌లో పని చేశాను. మిల్లు మూతపడ్డాక చాలా ఏండ్లు సాంచాల మీద చాదర్లు నేశాను. ఇప్పుడు నాకు అరవై ఆరు. మీ ఊరి గురించి రాయండి అని పత్రిక వాళ్లు అడిగితే, మా సిద్ధేశ్వరుని గుడి, చెరువు, కోట గురించి రాద్దామనుకున్నాను. రాసే ముందు ఒకసారి ఊరంతా నడిచి చూద్దామని ఒక పొద్దున బయల్దేరాను. నడిచి వచ్చాక రాయవలసింది వేరే ఉందనిపించింది. అది నాకు సిగ్గు కలిగించే సంగతే. అయినా రాస్తున్నాను.

అశోక్ చౌక్ దగ్గర మొదలుపెట్టాను. మా ఊరి తూర్పు భాగం మీలో కొందరు చూసే ఉంటారు. ఏ గల్లీలో పోయినా తెలుగే వినపడుతుంది. గడపల మీద ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తుంటారు. లోపలి నుంచి సాంచాల చప్పుడు వస్తుంటుంది. మా పెద్దలు తెలంగాణ పల్లెల నుంచి చేతిపని పట్టుకుని ఇక్కడికి వచ్చారు. షోలాపూర్ చాదర్ పేరు దేశమంతా తెలిసింది వాళ్ల చేతుల వల్లనే. నారళీ పున్నమి నాడు మార్కండేయ స్వామి రథం కదిలితే పిల్లా పెద్దా అందరం రోడ్డు మీదనే ఉంటాం.

కన్నా చౌక్‌లో చాయ్ తాగుదామని ఆగాను. వెనకట ఇక్కడ నిలబడితే మిల్లు భోంగా వినపడేది. అది మోగితే పాళీ మారిందని తెలిసేది. ఇప్పుడు భోంగా లేదు. స్తంభం మీద కెమెరాలు ఉన్నాయి. చాయ్ బండి మీద పైసలు కొట్టే నలుపు తెలుపు గళ్ల కాగితం అంటించి ఉంది. 2016 జనవరిలో ప్రభుత్వం మొదటి 20 స్మార్ట్ సిటీల పేర్లు చెప్పినప్పుడు అందులో మా షోలాపూర్ కూడా ఉంది. ఆ జాబితాలో మన పత్రిక చదివే వాళ్ల ఊళ్లు ఎన్నో ఉన్నాయి. కోయంబత్తూరు, చెన్నై, దావణగెరె, భువనేశ్వర్ ఉన్నాయి. సూరత్, అహమ్మదాబాద్ ఉన్నాయి. విశాఖపట్నం ఉంది, యానాం వాళ్లకు దగ్గరి కాకినాడ ఉంది. వీటిలో చాలా ఊళ్లు మనలాగ బట్ట నేసి బతికినవే. అందుకని ఇది మా ఒక్క ఊరి ముచ్చట కాదు.

స్మార్ట్ అంటే ఏమిటని నా మనుమడిని అడిగితే, "తాతా, కెమెరా, లైటు, బిల్లు, ఫోను, బ్యాంకు అన్నీ ఒకదానికి ఒకటి కలిపి ఉంటయి" అన్నాడు. వాడు కంప్యూటర్ డిప్లొమా చదువుతున్నాడు.

చాయ్ తాగుతుంటే ఒక పెద్దాయన పైసలు కొట్టడం రాక ఫోను చాయ్ పిల్లగానికి ఇచ్చాడు. పిన్ నంబరు కూడా అందరూ వినేలా చెప్పాడు. పిల్లగాడు మంచివాడే, తొమ్మిది మంది మధ్య నిలబడి కొట్టి ఇచ్చాడు. ఎవరికీ అది తప్పనిపించలేదు. మనవాళ్లలో నమ్మడమే మర్యాద. నమ్మకపోతే మనిషిని అవమానించినట్టు అనుకుంటాం.

అక్కడి నుంచి నాతో పని చేసిన ఒకాయన కార్ఖానాకు పోయాను. ఎనిమిది సాంచాలు, మూల మీద కొత్త కెమెరా. ఫోనులో చూపించి సంబరపడ్డాడు. "పాస్‌వర్డ్ మార్చినవా?" అని అడిగాను. "డబ్బా మీద ఉన్నదే. మన దగ్గర ఎవడేం ఎత్తుకపోతడే, చాదర్లా?" అని నవ్వాడు.

ఆ మాట చాలామంది అంటారు. అందుకే మనుమడు నాకు చెప్పింది ఆయనకు చెప్పాను. 2016 అక్టోబర్ 21న అమెరికాలో సగం దినం ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి చాలామందికి తెరుచుకోలేదు. దానికి వాడిన ఆయుధం ఇండ్లలో, దుకాణాల్లో పెట్టిన మామూలు కెమెరాలు, రికార్డు డబ్బాలు. మిరాయ్ అనే ఒక దొంగ ప్రోగ్రామ్ కంపెనీ వాళ్లు పెట్టి పంపే 60కి పైగా పేర్లు, పాస్‌వర్డ్‌లు ఒక్కొక్కటే వేసి చూసేది. మార్చని వాళ్ల కెమెరా వెంటనే దానికి లొంగిపోయేది. అట్లా లక్షల డబ్బాలు దాని చేతికి వచ్చాయి. ఆ కెమెరాల యజమానుల ఇంట్లో చెంచా కూడా పోలేదు. వాళ్ల కెమెరా వేరేవాళ్ల మీద దాడికి పోయింది, అంతే. "అంటే నా తలుపు తీసి ఉంటే దొంగ నా ఇంట్లకెళ్లి పక్కింట్ల దూరుతడన్నట్టు" అన్నాడాయన. అప్పటికప్పుడే కొడుకును పిలిచి పాస్‌వర్డ్ మార్పించాడు.

మిల్లు పని తెలిసిన వాళ్లకు ఈ సంగతి తొందరగా అర్థమవుతుంది. బ్లోరూమ్‌లో పత్తిలో ఒక ఇనుప ముక్క వస్తే బీటరుకు తగిలి నిప్పురవ్వ లేస్తుంది. మిషన్లన్నీ గొట్టాలతో కలిపి ఉంటాయి, గాలి పత్తిని గుంజుకుపోతుంది. ఆ పత్తితోనే రవ్వ కూడా ముందుకు పోతుంది. అందుకే మా జాబర్ మొదటి దినమే చెప్పాడు, రవ్వ చూసినవాడు ముందు కేక వెయ్యాలి అని. ఎవరి తప్పు, ఎవరు సరిగ్గా చూడలేదు అన్నది మిషన్ ఆపి, ఇసుక చల్లి, మంట ఆర్పిన తర్వాతి మాట. కేక వేసినవాణ్ణి మా ఖాతాలో ఎవరూ నవ్వలేదు. ఒక్కోసారి ఉత్తి దుమ్మును చూసి కేక వేసినా నవ్వలేదు.

ఇన్నేండ్లు ఆ పని చేసిన నేనే ఇంట్లో రవ్వ పడితే కేక వెయ్యలేదు. ఆ సంగతి సిద్ధేశ్వరుని చెరువు గట్టు మీద కూర్చున్నప్పుడు మళ్లీ మనసుకు వచ్చింది.

రెండేండ్ల కింద చలికాలంలో ఒక సాయంత్రం ఫోనుకు మెసేజ్ వచ్చింది. మీ కరెంటు బిల్లు రికార్డులో లేదు, రాత్రి తొమ్మిదిన్నరకు లైను కట్ చేస్తాం, ఈ ఆఫీసరుకు ఫోన్ చేయండి అని ఉంది. నేను బిల్లు కట్టాను, రశీదు పెట్టెలో ఉంది. అయినా మిషన్ చెప్తుంది గదా, స్మార్ట్ ఊరు గదా, నాదే ఏదో తప్పు ఉందేమో అనుకున్నాను. ఫోన్ చేశాను. అవతలి మనిషి మర్యాదగా మరాఠీలో మాట్లాడాడు. ఒక యాప్ వేసుకొమ్మన్నాడు, పది రూపాయలు కట్టమన్నాడు. పిన్ కొట్టాను. కొంచెం సేపటికి 38,400 రూపాయలు పోయినట్టు మెసేజ్‌లు వచ్చాయి. అవి నా భార్య బీడీ ఫండు పైసలు. మోకాలి వైద్యానికని దాచుకున్నది.

ఆమెకు చెప్పలేదు. కొడుక్కు చెప్పలేదు. వయసు వచ్చి బుద్ధి రాలేదంటారని భయం. కట్ట మీద దోస్తులు నవ్వుతారని భయం. మూడో రోజు ఎదురింటి చెల్లె వచ్చి, "అన్నా, కరెంటోళ్లు మెసేజ్ పంపిన్రు, నీకు గూడ వచ్చిందా?" అని అడిగింది. నేను ఆమె ముఖం చూడలేదు. "ఏమో, చూసుకో" అన్నాను.

ఆ రాత్రే ఆమెవి 11,000 పోయాయి. బిడ్డ పురుడుకని బీడీలు చేసి కూడబెట్టినవి. కాని ఆమె నా లెక్క ఊరుకోలేదు. గల్లీలో నిలబడి గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆ కేకలకు ఒక కాలేజీ పిల్ల పరుగెత్తుకొచ్చి 1930కి ఫోన్ కలిపింది. పైసలు దొంగ ఖాతాలోనే కొన్ని ఇంకా ఉన్నాయి. ఆ బ్యాంకుకు కబురు పోయి అవి ఆగాయి. కొన్ని నెలలకు ఆమెకు 7,000 తిరిగి వచ్చాయి. నేను వారం తర్వాత బ్యాంకుకు పోతే, అక్కడి మనిషి అందరి ముందు "ఇంత వయసొచ్చి ఇట్లెట్ల మోసపోతరు?" అని గద్దించాడు. నాకు ఒక్క రూపాయి రాలేదు.

బ్యాంకు నియమం తర్వాత తెలిసింది. రిజర్వ్ బ్యాంకు 2017లోనే చెప్పింది. మన చేతులతో మనమే రహస్యం ఇస్తే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మనదే, చెప్పిన తర్వాత పోతే అది బ్యాంకుది. మన తప్పు లేకుండా, బ్యాంకు తప్పూ లేకుండా పోతే, తెలిసిన మూడు పని దినాలలో చెప్పినవాళ్లకు నష్టం ఉండదు. అంటే ఎంత తొందరగా నోరు విప్పితే అంత మేలు. కరెంటు సంగతి కూడా అప్పుడే తెలిసింది. 2003 విద్యుత్ చట్టం ప్రకారం బిల్లు కట్టలేదని లైను తీయాలంటే 15 రోజుల ముందు రాసిన నోటీసు ఇవ్వాలి. సాయంత్రం మెసేజ్ పంపి రాత్రి కట్ చేయడం లేదు.

చెరువు దగ్గరి నుంచి లేచి నాలుగు హుతాత్ముల విగ్రహాల దగ్గరికి నడిచాను. మా పిల్లలకు కూడా ఈ కథ తెలుసు. 1930 మే నెలలో గాంధీజీని అరెస్టు చేస్తే మా ఊరి మిల్లు కార్మికులు పని ఆపి రోడ్డు మీదికి వచ్చారు. కాల్పులు జరిగాయి. కొన్ని దినాలు ఊరిని జనమే నడిపించుకున్నారు. తర్వాత ఇంగ్లీషు వాళ్లు మార్షల్ లా పెట్టారు. మల్లప్ప ధనశెట్టి, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సారడా, కుర్బాన్ హుస్సేన్, ఈ నలుగురిని 1931 జనవరి 12న ఎరవాడ జైలులో ఉరి తీశారు.

సైబర్ మోసాలకు దేశమంతటికీ పెట్టిన నంబరు కూడా 1930. ఎవరో కావాలని కలిపింది కాదు. కాని మా షోలాపూర్ మనిషికి గుర్తు పెట్టుకోవడానికి ఇంతకంటే సులువైన నంబరు ఉండదు. ఆ నాడు ఊరు నోరు విప్పింది, ఆ ఏడే ఈ నంబరు అని నేను మా గల్లీలో చెప్తున్నాను.

ఎదురింటి చెల్లెకు నిజం చెప్పడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. నారళీ పున్నమి నాడు రథం పోయాక చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "నాడు ఒక్క మాట జెప్తే అయిపోవు గదా అన్నా" అంది. తిట్టినా బాగుండేది. నా భార్యకు అదే రాత్రి చెప్పాను. ఆమె మోకాలి నొప్పి ఇంకా అట్లనే ఉంది.

ఇప్పుడు దొంగ మెసేజ్ ఏది వచ్చినా గల్లీలో నిలబడి గట్టిగా చదువుతాను. మొదట్లో పిల్లలు నవ్వారు. ఇప్పుడు వాళ్లే తమ ఫోన్లు తెచ్చి "తాతా, ఇది చూడు" అంటారు.

మీ ఊళ్లో కూడా స్తంభాల మీద కెమెరాలు వచ్చి ఉంటాయి. అవి దొంగతనం చూస్తాయేమో గాని, మన ఫోనులో వినపడే గొంతును చూడలేవు. పైసలు రావడానికి పిన్ కొట్టే పని ఎప్పుడూ ఉండదని ఇంట్లో ఆడవాళ్లకు, ముసలివాళ్లకు చెప్పండి. కెమెరా కొంటే పాస్‌వర్డ్ ఆ దినమే మార్చండి. పైసలు పోతే వెంటనే 1930కి, బ్యాంకుకు ఫోన్ చేయండి. మోసపోయిన మనిషి మీ దగ్గరికి వస్తే, ఎట్ల మోసపోయినవని అప్పుడే అడగకండి. ముందు ఫోన్ కలిపి ఇవ్వండి. ఇంతే నా మనవి.