అరలోని సంచితం



తత్త్వవిచారానికి గడ్డం గీసుకొనే సబ్బు విషయం కాగలదా అని కొందరికి సందేహం కలుగవచ్చు. వ్రాయడానికి కూర్చున్నప్పుడు నాకూ కలిగింది. అయితే ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువుకు పరమార్థాన్ని బోధించడానికి మట్టిముద్దను, మర్రిపండును, నీటిలో కరిగిన ఉప్పును చూపించాడు. నిత్యమూ కంటి ముందుండే వస్తువే గురువు చేతిలో దృష్టాంతమౌతుంది. నా విషయంలో గురువు చూపలేదు. వస్తువే నన్ను నిలదీసింది.

ఉద్యోగరీత్యా నేను 19 సంవత్సరాలు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో అకౌంటెంటుగా ఉన్నాను. ఆదివారాలు టివిడేల్‌లోని వేంకటేశ్వరాలయానికి వెళ్ళేవాడిని; సంధ్యావందనం, పారాయణం యథాశక్తి సాగుతుండేవి. మద్యం, ధూమపానం, జూదం వంటి వ్యసనాలేవీ లేవు. అందుచేత నాకు వ్యసనమే లేదని నమ్మాను. నిజానికి దానికి మరొక ద్వారం దొరికింది.

ఒకమారు పనిమీద లండను వెళ్ళినప్పుడు సెయింట్ జేమ్స్ వీథిలో, జెర్మిన్ వీథిలో కాలక్షేపంగా నడిచాను. పురుషుల క్షౌరసామగ్రికి ఆ ప్రాంతం శతాబ్దాలుగా ప్రసిద్ధం. డి. ఆర్. హారిస్ వారిది 1790 నాటి సంస్థ. ట్రూఫిట్ అండ్ హిల్ వారిది 1805. టెయిలర్ ఆఫ్ ఓల్డ్ బాండ్ స్ట్రీట్ 1854 నాటిది. కొయ్యగిన్నెలో అమర్చిన గుండ్రని సబ్బు, మూత తీయగానే చందనపరిమళం. ఆనాడు ఒకటి కొన్నాను. మర్నాడు బ్రష్షుతో నురుగు తీస్తే అది మీగడవలె దట్టంగా నిలిచింది. స్నానపు సబ్బు నురుగు అలా నిలువదు. క్షౌరపు సబ్బులో సోడియం క్షారంతోపాటు పొటాషియం క్షారాన్నీ వాడుతారు. స్టియరిక్ ఆమ్లం పాలు అధికంగా ఉంటుంది. నురుగు దట్టంగా, ఆరిపోకుండా ఉండడానికి అదే కారణం. ఈ సంగతులు చదివి తెలుసుకోవడం కూడా ఒక రుచి అయింది. జ్ఞానం వేషంలో వచ్చే రాగాన్ని గుర్తించడం కష్టం.

తరువాత ఇటలీ సబ్బులు, ఫ్రాన్సు సబ్బులు, జర్మనీ సబ్బులు వచ్చాయి. గులాబీ, లావెండరు, నిమ్మ, బాదం, దేవదారు. పదవీవిరమణ చేసి రాజమహేంద్రవరం చేరినప్పుడు ఒక పెట్టె నిండా ఇవే. స్నానాలగది ప్రక్కన వడ్రంగితో ప్రత్యేకంగా అర చేయించాను. లెక్కిస్తే 64. చతుష్షష్టి కళలవలె ఉన్నాయని ఇంట్లో హాస్యమాడేవారు. నేనూ నవ్వేవాడిని, కొంచెం గర్వంగానే.

వాటి వినియోగానికి ఒక క్రమం పెట్టుకొన్నాను. నోటుపుస్తకంలో 64 పేర్లు వ్రాసి, రోజుకొక సబ్బు చొప్పున వరుస తప్పకుండా త్రిప్పేవాడిని. ఏ సబ్బునూ ఉపేక్షించడం లేదు కదా, అన్నింటినీ సమదృష్టితో చూస్తున్నాను కదా అని లోలోపల తృప్తి. సమత్వమనే మాటను ఇంత చౌకగా వాడుకొన్నందుకు ఇప్పుడు సిగ్గు కలుగుతున్నది.

కొన్నాళ్ళకు ఒక విషయం గమనించాను. ఏ సబ్బూ తరగడం లేదు. అన్నీ కొన్ననాటివలెనే ఉన్నాయి. వృత్తి అకౌంటెంటుది కనుక లెక్క వేశాను. ఒక సబ్బును చిన్న త్రాసులో తూచి, పదిమార్లు వాడి, మరల తూచాను. ఇంచుమించు 10 గ్రాములు తగ్గింది. అంటే పూటకు ఒక గ్రాము. అరలోని సబ్బులు సగటున 100 గ్రాములు. మొత్తం 6,400 గ్రాములు, అంటే 6,400 క్షౌరాలు.

మరి ఏడాదికి ఎన్ని క్షౌరాలు? మా ఇంటి ఆచారంలో మంగళ, శుక్రవారాలు పనికిరావు. ఏకాదశి, అమావాస్య, పూర్ణిమలలో పనికిరాదు. కార్తిక, మార్గశిరాలలో అయ్యప్ప మండలదీక్ష 41 దినాలు క్షౌరమే లేదు. అన్నీ తీసివేస్తే ఏడాదికి 200 మిగులుతాయి. 6,400ను 200తో భాగిస్తే 32 సంవత్సరాలు. అప్పటికి నా వయస్సు 59. అర ఖాళీ అయ్యేనాటికి నాకు 91 ఏళ్ళు నిండాలి. మా తండ్రిగారు 71వ ఏట పరమపదించారు. వారి ఆయుర్దాయమే నాకూ ఉంటే మిగిలినవి 12 సంవత్సరాలు, 2,400 క్షౌరాలు, 24 సబ్బులు.

మిగిలిన 40 ఎవరివి?

ఈ ప్రశ్న దగ్గర నా కలం ఆగింది. ఎన్నో ఏళ్ళుగా ఈశావాస్యాన్ని పారాయణం చేస్తున్నాను. ఈ ధనం ఎవరిదని ఆ ఉపనిషత్తు మొదటి మంత్రంలోనే అడుగుతుంది. ఆ ప్రశ్న ఎప్పుడూ పొలాలకు, మేడలకు, బంగారానికి సంబంధించినదనే అనుకొన్నాను. నేను బ్రతకని సంవత్సరాలకు కూడా సబ్బులు కొని పెట్టుకొన్నానని ఆ సాయంకాలం తెలిసింది. దేహం అనిత్యమని సభలలో చెప్పినవాడిని. చేతితో చేసినది మాత్రం 91 ఏళ్ళ పథకం.

మరొక విషయం కూడా స్పష్టమైంది. రోజుకొకటి చొప్పున త్రిప్పడంవల్ల ఒక్కొక్క సబ్బుకు ఏడాదికి మూడు వంతులే వస్తున్నాయి. వందలో మూడు గ్రాములు! అది వినియోగం కాదు, పరామర్శ. అన్నింటినీ వాడుతున్నాననే భావన ఉంటుంది. దేనికీ అంతం రాదు. ఏదీ ముగియకూడదనే కోరికే ఆ క్రమానికి మూలమని గ్రహించాను. వాసనలు చిత్తంలో నిలిచే విధానం కూడా ఇటువంటిదే కావచ్చు. ఒక్కదానినీ పూర్తిగా అనుభవించి విడువము. ఒక్కదానినీ పూర్తిగా త్యజించము. వంతులవారీగా తడిమి మరల అరలో పెడతాము.

వేదాంతులు కర్మను మూడు విధాలుగా విభజిస్తారు. జన్మజన్మాంతరాలనుండి కూడిన రాశి సంచితం. దానినుండి ఫలమివ్వడం మొదలుపెట్టి ఈ దేహాన్ని తెచ్చినది ప్రారబ్ధం. ఇప్పుడు చేస్తూ కూడబెడుతున్నది ఆగామి. బ్రహ్మసూత్రాల చతుర్థాధ్యాయ ప్రథమపాదంలో ఈ విచారణ ఉన్నది. జ్ఞానం కలిగినప్పుడు సంచితం నశిస్తుంది, ఆగామి అంటదు, ప్రారబ్ధం మాత్రం అనుభవంచేతనే క్షయిస్తుంది. ఈ పాఠాన్ని గురుముఖంగా రెండుమార్లు విన్నాను. నా అర ముందు నిలబడినప్పుడు గాని అది నా వంటికి తగలలేదు. అరలోనివి సంచితం. గిన్నెలో తడిసినది ప్రారబ్ధం, దానిని అరగదీయవలసిందే. రేపు కొనబోయేది ఆగామి. అయితే ఈ పోలికను ఎక్కువ దూరం లాగకూడదు. నిజమైన సంచితాన్ని మరొకరికి పంచిపెట్టలేము. సబ్బులనైతే పంచవచ్చు. ఆ మేరకు నేను అదృష్టవంతుణ్ణి.

పంచడానికి వేరుచేస్తున్నప్పుడు తొలిసారిగా వెనుకనున్న అక్షరాలను శ్రద్ధగా చదివాను. తొమ్మిదింటిమీద సోడియం టాలోయేట్ అని ఉన్నది. అంటే పశువుల కొవ్వుతో చేసిన సబ్బు. పాతకాలపు ఐరోపా క్షౌరపు సబ్బులలో అది సర్వసాధారణం; వ్రాసే ఉన్నది, చదవనిది నేను. పరిమళాన్ని గురించి పుటలకొద్దీ చదివినవాడికి ఆ ఒక్క పంక్తి కనబడలేదు. మనస్సు కలత చెందింది. ఒక వృద్ధపండితులను అడిగాను. తెలియక జరిగినదానికి కుమిలిపోవద్దు, తెలిసిన తరువాత వాడవద్దు, మరొక సాధకుడికి దాచిపెట్టి అంటగట్టవద్దు అన్నారు. బర్మింగ్‌హాము నుండి వచ్చిన బంధువు తిరిగి వెళుతుంటే, ఆ తొమ్మిదింటినీ అక్కడి నా పాత సహోద్యోగికి విషయం చెప్పి పంపాను. ఆయనకు అది దోషం కాదు. 55 మిగిలాయి.

అసలు పరీక్ష ఆ తరువాత వచ్చింది. ఉంచుకొనేవి 24, ఇచ్చేవి 31 అని నిశ్చయించి నేలమీద రెండు వరుసలుగా పేర్చాను. మా అన్నగారి కుమారుడు అట్టపెట్టెలో సర్దడానికి వచ్చాడు. చదువుకొంటున్న పిల్లవాడు. రెండు వరుసలనూ కాసేపు చూసి, మెల్లగా అడిగాడు: “బాబాయ్, ఇచ్చేవాటిలో మీకు నచ్చినది ఒక్కటైనా ఉందా?”

నేను సమాధానం చెప్పలేదు. కఠోపనిషత్తు కథ ఎక్కడ మొదలౌతుందో మీకు తెలియనిది కాదు. వాజశ్రవసుడు యజ్ఞంలో దక్షిణగా గోవులనిస్తున్నాడు. అవి నీరు త్రాగలేనివి, గడ్డి మేయలేనివి, పాలు ఉడిగినవి. బాలుడైన నచికేతసుడికి అది చూసి శ్రద్ధ పుట్టింది. ఆ కథను ఎన్నోమార్లు చెప్పాను; ప్రతిసారీ నన్ను నేను నచికేతసుడి ప్రక్కన నిలబెట్టుకొన్నాను. ఆనాడు నేలమీద కూర్చొని ఉన్నది వాజశ్రవసుడే. ఇచ్చే వరుసలో ఉన్నవన్నీ ఘాటైనవి, పగిలినవి, వాసన పోయినవి. ఉంచుకొనే వరుసలో మొట్టమొదట జెర్మిన్ వీథి చందనపు సబ్బు. తొలిసారి కొన్నది అయిపోతుందేమోననే భయంతో కొన్న రెండవది. శుభసందర్భానికని 14 ఏళ్ళుగా మూత కూడా తీయలేదు. ఎన్నో శుభసందర్భాలు వచ్చి వెళ్ళాయి.

వాజశ్రవసుడు కోపగించాడు. నాకూ కోపం వచ్చింది. పిల్లవాడిమీద కాదని చెప్పలేను. ఆ రాత్రి వరుసలను అలాగే వదిలివేశాను. మర్నాడు ఉదయం జపం ముగిసిన తరువాత వాసన పోయినవాటినీ, పగిలినవాటినీ ఏరి, వాటిలో అయిదింటిని నా కోసం ఉంచుకొన్నాను. 50 పెట్టెలో పెట్టాను. ఇది త్యాగమని చెప్పుకోవడం లేదు. చందనపు గిన్నెను రెండుమార్లు బయటికి తీసి మరల పెట్టాను.

మా వీథిలోని క్షౌరశాల యజమాని మా తండ్రిగారి దశాహమునాడు నాకు క్షౌరం చేసినవారు. మొదట వారికే చూపించాను. “అందరికీ ఒకే సబ్బు ఇప్పుడు వాడమండీ బాబుగారూ, అంటురోగాల భయం. క్రీమే అడుగుతారు,” అని నవ్వారు. నా సంపద అంతా ఆయన దుకాణంలో నిష్ప్రయోజనం! తరువాత, “మా ఇంట్లో మేం నలుగురం మగవాళ్ళం. తలకొకటి ఇప్పించండి,” అన్నారు. చందనపు సబ్బు ఆయనే తీసుకొన్నారు. దాని వెల గాని, కథ గాని చెప్పలేదు. చెప్పి ఉంటే ఇచ్చినది మరల పుచ్చుకొన్నట్లే. తక్కినవి ఇరుగుపొరుగుకు, బంధువులకు, పిల్లవాడి స్నేహితులకు చేరాయి.

అప్పటినుండి ఒక్కటే నియమం: గిన్నెలోనిది పూర్తిగా కరిగేవరకు రెండవది తెరవకూడదు. మొదటిది అయిదు మాసాలకు పైగా పట్టింది. మూడవ నెలలో విసుగు వచ్చింది; అదే వాసన, అదే నురుగు. అప్పుడుగాని నేను ఇన్నేళ్ళు కొన్నది సబ్బును కాదని, మార్పును అని తెలియలేదు. నాలుగవ నెలలో విసుగు తనంతట తానే పోయింది. సబ్బు పలుచనై, మధ్యలో గిన్నె అడుగు కనబడి, చివరికి రెండు రేకులుగా విరిగింది. ఆ రేకులను తరువాతి సబ్బుమీద తడిపి అంటించాను. మా తండ్రిగారు జీవితాంతం చేసినది అదే. స్టీలు గిన్నెలో ఎప్పుడూ ఒకటే సబ్బు, పాతదాని శేషం క్రొత్తదాని నెత్తిన. నాకు అది చిన్నప్పుడు పేదరికంగా కనబడేది.

నురుగును చూస్తుంటే భగవత్పాదుల దృష్టాంతం గుర్తుకు వస్తుంది. సముద్రంలోని నురుగు, అల, బుడగ వేరువేరుగా తోచినా నీటికంటె అన్యం కావు. గిన్నెలో పొంగినదంతా కాసేపటికి నీరై తూములోకి పోతుంది. అరవైనాలుగు పరిమళాల నురుగూ అక్కడికే పోయింది.

యయాతి చరిత్ర చెప్పినట్లు, అనుభవించినంతమాత్రాన కోరిక చల్లారదు. నేతితో అగ్నివలె పెరుగుతుంది. ముగించడం కూడా ఒక కోరిక కాగలదు. సబ్బు ఎంత తగ్గిందో అని త్రాసు తీసిన ఉదయాలు ఉన్నాయి. త్రాసును కూడా ఇచ్చివేశాను.

ఇప్పుడు అయిదవది గిన్నెలో ఉన్నది, సగానికి తరిగింది. అరలో పంచాంగం, దీపపు వత్తులు పెట్టుకొంటున్నాము. ఇది అయిపోయిన రోజున వీథి చివరి కొట్టుకు నడిచి వెళ్ళి ఒక్క సబ్బు కొనాలి. ఒక్కటే కొని తిరిగి రాగలనా అన్నది ఆనాడు తెలుస్తుంది. మీ ఇంటిలోనూ ఒక అర ఉండే ఉంటుంది. పుస్తకాలదో, పట్టుచీరలదో, జపమాలలదో. అందులో మీ ఆయుర్దాయానికి మించినవి ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్క చూడండి.

శ్రీకృష్ణార్పణమస్తు.