కార్లైల్ బ్యారక్స్: కర్నళ్లకు దూరవిద్య

అమెరికా సైన్యపు వార్ కాలేజీ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ పట్టణంలో, రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. అప్పటి యుద్ధ మంత్రి ఎలిహు రూట్ చొరవతో 1901లో వాషింగ్టన్‌లో ఏర్పడిన ఈ కళాశాల 1951లో ఇక్కడికి మారింది. కళాశాల ఉన్న సైనిక స్థావరం కార్లైల్ బ్యారక్స్ మాత్రం అంతకన్నా చాలా పాతది, 1757 నాటిది. 1879 నుంచి 1918 వరకు ఇక్కడ ఆదివాసీ పిల్లలను కన్నవాళ్ల నుంచి వేరుచేసి చదివించిన బడి నడిచింది. ఆ రోజుల్లో ఇక్కడే చనిపోయిన పిల్లల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. వాటి ముందు ఆగకుండా ఈ చోటును చూశామనడం న్యాయం కాదు.

గుర్తింపు తనిఖీ లేకుండా బ్యారక్స్ లోపలికి పంపరు. దానికి కాస్త దూరంలో ఉన్న సైనిక వారసత్వ, విద్యా కేంద్రానికి ఎవరైనా వెళ్లవచ్చు. సైనికుల ఉత్తరాలు, డైరీలు, ఫొటోలు అక్కడి భాండాగారంలో ఉంటాయి. బయట నడకదారి పొడవునా వేర్వేరు యుద్ధాల నాటి కందకాలను, స్థావరాలను నిజమైన కొలతలతో కట్టి చూపారు. అయితే ఈ కళాశాలలో చదివేవారిలో పెద్ద భాగం ఏడాదిలో ఎక్కువ కాలం ఈ ఊళ్లోనే ఉండరు. వారి తరగతి గది ఇంట్లోనో, దూరపు స్థావరంలోనో ఉన్న కంప్యూటర్.

వీళ్లు లెఫ్టినెంట్ కర్నళ్లు, కర్నళ్లు, వారితో సమాన హోదా ఉన్న పౌర అధికారులు. ఎక్కువమంది నేషనల్ గార్డ్, రిజర్వ్ దళాలవారు. వారికి బతుకుతెరువు వేరే ఉద్యోగం, సైన్యం రెండో బాధ్యత, చదువు మూడోది. ఏడాదిపాటు అన్నీ వదిలి కార్లైల్‌లో ఉండడం వారికి సాధ్యం కాదు. అందుకే కోర్సును రెండేళ్లకు పరిచారు. చివరికి వచ్చేది మాత్రం ఇక్కడే ఉండి చదివినవారికి ఇచ్చే వ్యూహాత్మక అధ్యయనాల మాస్టర్స్ డిగ్రీయే. డిగ్రీ ఒకటే అయినప్పుడు చదువు పలచబడకూడదు. కోర్సు రూపకల్పనలోని కష్టమంతా ఈ షరతు నుంచే పుడుతుంది.

సైనికాధికారులకు దూరవిద్య కొత్త కాదు. న్యూపోర్ట్‌లోని నౌకాదళ వార్ కాలేజీ 1914లోనే తపాలా ద్వారా పాఠాలు మొదలుపెట్టింది. ఆన్‌లైన్ బోధన సాధనాల్లోనూ సైన్యం పాత్ర పెద్దది. విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం అనే అయిదు మెట్ల పద్ధతికి మూలం 1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ అమెరికా సైన్యం కోసం రాసిన విధానమే. ఒక వ్యవస్థ కోసం తయారైన పాఠం మరో వ్యవస్థలోనూ నడిచేలా చూసే స్కార్మ్ ప్రమాణాలు 1997లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమం నుంచి వచ్చాయి.

ఈ సాధనాలు శిక్షణకు బాగా సరిపోతాయి. రేడియో అమర్చడానికి సరైన వరుస ఒకటే ఉంటుంది. దాన్ని తెరమీద చూపి, ప్రశ్నలడిగి, తప్పయితే మళ్లీ చేయించవచ్చు. కర్నల్ స్థాయి చదువు అలా కుదరదు. అక్కడి ప్రశ్నలకు సరైన సమాధానం నాలుగు ఆప్షన్లలో దొరకదు. పుటలు తిప్పించి, చివర క్విజ్ పెట్టి, సర్టిఫికెట్ ముద్రించే కోర్సు ఎంత అందంగా ఉన్నా ఈ స్థాయి అధికారికి అవమానమే.

అందువల్ల రూపకర్తలు చివరి నుంచి మొదటికి వస్తారు. కోర్సు ముగిసేసరికి అధికారి ఏ తీర్పు చెప్పగలగాలి, దాన్ని ఏ వ్యాసంలో నిరూపించాలి అన్నది ముందు తేల్చుకుంటారు. ఆ వ్యాసానికి అవసరమైన చదువును, చర్చను ఆ తర్వాత ఎంచుతారు. గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్, యుద్ధ సిద్ధాంతకర్త క్లాజెవిట్జ్ పాఠ్యాంశాల్లో ఉంటారు. కానీ పుస్తకాల పట్టిక పెంచడం తేలిక, తగ్గించడమే నేర్పు. రోజంతా పనిచేసి పిల్లలు పడుకున్నాక పుస్తకం తెరిచే మనిషికి వారంలో దొరికే గంటలు కొన్నే. వాటిని లెక్కగట్టకుండా రాసిన పాఠ్యప్రణాళికను ఎవరూ పూర్తి చేయలేరు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ అడిగేది చర్చా ప్రశ్న. అందరూ ఒకే వేళకు తెర ముందుకు రాలేరు. ఒకరు జర్మనీలో, ఇంకొకరు హవాయిలో ఉంటారు. అందుకని చర్చ ఎక్కువగా రాతలోనే, రోజుల తరబడి సాగుతుంది. ఉదాహరణకు, క్లాజెవిట్జ్ యుద్ధాన్ని ఎలా నిర్వచించాడని అడిగితే బృందంలో అందరూ ఒకే జవాబు రాస్తారు, చర్చ అక్కడే చచ్చిపోతుంది. 1991లో కువైట్ విముక్తితోనే యుద్ధాన్ని ఆపడం రాజకీయ లక్ష్యానికి తగినదేనా అని అడిగితే పదిమంది పది దారుల్లో వెళతారు. గదిలో నోరు విప్పని అధికారి రాతలో గట్టిగా నిలబడతాడు. రాసేముందు ఆలోచించే వ్యవధి ఉండడం ముఖాముఖి తరగతిలో లేని లాభం.

అధ్యాపకుడి పని ఇక్కడ తగ్గకపోగా పెరుగుతుంది. ఎప్పుడు జోక్యం చేసుకోవాలి, ఎప్పుడు మౌనంగా ఉండాలి అన్నది తెలియాలి. తొందరపడి తన అభిప్రాయం చెబితే అందరూ దానివైపే ఒరుగుతారు. వ్యాసం మీద అతను రాసే వ్యాఖ్య ఈ చదువుకు ప్రాణం. ‘బాగుంది’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా వాదన ఎక్కడ విరిగిందో, ఏ ఆధారం చాలలేదో విడమరిచి చెప్పాలి. ఒక్కో అధ్యాపకుడికి విద్యార్థుల సంఖ్య పరిమితంగా ఉంచాల్సింది ఇందుకే. ఖర్చు తగ్గించడానికి ఆ సంఖ్యను పెంచడమంటే చదువునే తగ్గించడం.

ఇంటర్నెట్ వేదిక మీద రహస్య సమాచారం రాయకూడదు కాబట్టి ఉదాహరణలను బహిరంగ ఆధారాల నుంచే తీసుకోవాలి. చరిత్రకు ఇక్కడ అంత చోటు దక్కడానికి ఇదీ ఒక కారణం. తోటివారు చెప్పిన మాటలను పేర్లతో బయట చెప్పకూడదన్న నియమం ఉండబట్టే అధికారులు తమ విధానాలను విమర్శించగలుగుతారు.

రెండేళ్లలో రెండుసార్లు, రెండేసి వారాలు, వేసవిలో అందరూ కార్లైల్ వస్తారు. హైదరాబాద్‌లో 1982లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం నిర్వహించే సంపర్క తరగతులు తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. అయితే కార్లైల్‌లో మిగిలిపోయిన పాఠాలు పూర్తిచేయడం ఉద్దేశం కాదు. నెలల తరబడి రాతల్లో ఎదిరించిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వాదించడం ముఖ్యం. 1863 నాటి గెటిస్‌బర్గ్ యుద్ధభూమి ఇక్కడికి గంటలోపు ప్రయాణం. ఆ నేల మీద నడుస్తూ సేనానుల నిర్ణయాలను చర్చించడం ఈ కళాశాలలో పాత సంప్రదాయం. గుట్ట ఎత్తు, పొలం వెడల్పు కాళ్లకు తెలిసినంతగా తెరమీద తెలియవు.

2020 వసంతంలో కరోనా వల్ల ఇక్కడే ఉండి చదివేవారి సెమినార్లు కూడా ఆన్‌లైన్‌కు మారాయి. దూరవిద్యలో అప్పటికే పండిన అనుభవం అప్పుడు విలువైనదైంది. కోర్సులను ఒకసారి తయారుచేసి వదిలేయడమూ కుదరదు. 2022లో రష్యా ఉక్రెయిన్‌లోకి పెద్దఎత్తున చొరబడ్డాక ఐరోపా భద్రత మీద రాసిన పాత పాఠం పనికిరాదు. చదివించాల్సినవి, చర్చా ప్రశ్నలు, వ్యాసాంశాలు మూడూ కలిపి సవరించాలి. ఒకదాన్నే మార్చితే మిగతా రెండూ దానితో పొసగవు.