తడిగుడ్డ చెప్పిన సంగతి

తడిగుడ్డతో గొంతులు కోసేవాళ్ళుంటారని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. తడిగుడ్డ నిజం కూడా చెబుతుందని మాత్రం నలభై ఏళ్ళు దాటాకే నాకు తెలిసింది. అదీ మా పెరట్లో ఒక తమలపాకు తీగ పుణ్యమా అని.

మాది పెద్దపల్లి జిల్లా రామగిరి. గుట్ట మీద ఖిల్లా, చుట్టూ బొగ్గు గనులు. ఖిల్లా గుట్ట మీద మందు మొక్కలు దొరుకుతాయని ఎక్కడెక్కడి నుంచో వస్తుంటారు. నా పెరట్లో మొక్కలకు మాత్రం అంత అదృష్టం లేదు. మా ఇల్లు లారీలు తిరిగే రోడ్డు పక్కన. పొద్దున ఆకు తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ సన్నటి దుమ్ము. ఇక ఎండల సంగతి చెప్పనే అక్కర్లేదు. మే నెల వచ్చిందంటే వార్తల్లో రామగుండం పేరు వినబడాల్సిందే. 45 డిగ్రీలంటే వేరే ఊళ్ళవాళ్ళు నోరు వెళ్ళబెడతారు, మేం కుండలో నీళ్ళు నింపుకుని ఊరుకుంటాం.

ఆ తమలపాకు తీగ మా అమ్మ ఇచ్చింది. నేను కొత్తగా కాపురం పెట్టినప్పుడు పుట్టింటి పెరట్లో నుంచి రెండు కణుపుల ముక్క తడి బట్టలో చుట్టి ఇచ్చింది. "దీనికి నీడ కావాలె, తడి కావాలె, వడగాలి తగలొద్దు. బాలింతను చూసుకున్నట్టు చూసుకో" అంది. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. పుట్టింటి పెరడూ ఇప్పుడు లేదు, అక్కడ తమ్ముడు ఇల్లు కట్టుకున్నాడు. అమ్మ చేతి తీగ ఇక ఈ లోకంలో ఉందంటే నా దగ్గరే.

మా అమ్మాయి బి.ఎస్సి. చదువుతోంది. ఒకరోజు తను ఒక కథ చెప్పింది. లండన్‌లో వార్డ్ అనే డాక్టరు ఉండేవాడట. ఆయనకు ఫెర్న్ మొక్కలంటే ప్రాణం. కానీ ఆ ఊళ్ళో బొగ్గు పొగకు అవి బతికేవి కావు. 1829లో ఆయన ఒక సీతాకోకచిలుక జాతి పురుగు గూడును తడిమట్టిలో పెట్టి, సీసాలో మూసి ఉంచితే, కొన్నాళ్ళకు అందులో చిన్న ఫెర్న్ మొలిచిందట. లోపలి తడి ఆవిరై, అద్దానికి పట్టి, మళ్ళీ మట్టిలోకే జారేది. అప్పటి నుంచి మొక్కలను అద్దాల పెట్టెల్లో పెట్టి ఓడల మీద దేశాలు దాటించారు. చైనా నుంచి తేయాకు మొక్కలు మన హిమాలయాల వైపు వచ్చింది కూడా అలాంటి పెట్టెల్లోనే.

ఇంకేం, నాకు ఉత్సాహం వచ్చింది. ఆయనకు బొగ్గు పొగ, నాకు రోడ్డు దుమ్ము. నేనూ మూసేస్తే సరి! మా వారితో పోరి, 2022 ఏప్రిల్‌లో పెరట్లో పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పున వెదురు బద్దలు పాతించి, పైనా పక్కలా పాలిథిన్ పట్టా కప్పించాను. మా అత్తమ్మ దాన్ని 'ప్లాస్టిక్ గుడిసె' అంది. నేను మాత్రం గ్రీన్‌హౌస్ అని గొప్పగా చెప్పుకున్నాను. అమ్మ తీగను కుండీతో సహా లోపలికి చేర్చాను. టమాటా నారు, మెంతి, కొత్తిమీర కూడా పెట్టాను. దుమ్ము రాకుండా తలుపు బిగించి, రోజూ రెండు పూటలా నీళ్ళు పోశాను.

వారం తిరిగేసరికి టమాటా నారు ఉడకబెట్టిన ఆకుకూరలా వాలిపోయింది. తమలపాకులు అంచుల నుంచి నల్లబడ్డాయి. నీళ్ళు చాలలేదేమో అనుకుని ఇంకో బిందె పోశాను. మర్నాటికి ఇంకా వాడింది. ఆ తీగ ముందు కూర్చుని, సిగ్గులేకుండా ఏడ్చాను.

మా వారు బొగ్గు బాయిలో ఓవర్‌మన్. ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చి, నన్ను చూసి ఏమైందని లోపలికి తొంగిచూశారు. చూసినంత సేపు పట్టలేదు, బయటికొచ్చేశారు.

"ఇందులో గాలేదే? గాలి ఆడకుంటే మొక్కయినా మనిషయినా ఒకటే. నువ్వు నీళ్ళు పోసిన కొద్దీ ఇంకా ఉడుకుతది" అన్నారు.

"నీళ్ళు పోస్తే చల్లబడాలి కదండీ?"

"ఆరితేనే చల్లదనం. ఆరకుంటే వట్టి ఉక్కపోత" అన్నారు.

గనుల్లో తేమ చూడటానికి ఒక సాధనం ఉంటుందట. పక్కపక్కనే రెండు థర్మామీటర్లు. ఒకదాని గుండుకు తడిగుడ్డ చుట్టి ఉంటుంది. పిల్లల గిలక్కాయలాగా పిడి పట్టుకుని గిరగిర తిప్పి, వెంటనే రెండు అంకెలూ చదువుతారు. గాలి పొడిగా ఉంటే గుడ్డలో తడి జోరుగా ఆరి, ఆ థర్మామీటర్ బాగా కిందికి దిగుతుంది. గాలిలో ముందే తేమ నిండి ఉంటే ఆరదు కాబట్టి రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆ రెండు అంకెల మధ్య తేడాలోనే గుట్టంతా ఉంది.

ఆ ఆదివారం ఆయన గోదావరిఖని వెళ్ళి రెండు ఎర్ర గీత థర్మామీటర్లు తెచ్చారు. ముందు రెండింటినీ ఒకే గ్లాసు నీళ్ళలో ముంచి ఒకే అంకె చూపిస్తున్నాయో లేదో చూశాం. తర్వాత చెక్క ముక్కకు పక్కపక్కనే కట్టి, ఒకదానికి పాత మల్లు పంచె పీలిక చుట్టి, దాని కొసను నీళ్ళున్న మందుసీసాలోకి వదిలాం. డిస్టిల్డ్ వాటర్ పోస్తే గుడ్డకు ఉప్పు పట్టదు. దాన్ని గుడిసెలో నీడపట్టున వేలాడదీసి, విసనకర్రతో రెండు నిమిషాలు గట్టిగా విసిరి చూశాం. పొద్దున పది గంటలు. పొడి థర్మామీటర్ 38, తడిది 34.

మా వారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "1957 నాటి గనుల నిబంధనల్లోనే ఉంది. సర్దార్ పరీక్షకు చదివిన. పనిచేసే చోట తడి థర్మామీటర్ 33.5 దాటొద్దు. 30.5 దాటితే సెకనుకు మీటరు వేగంతో గాలి ఆడే ఏర్పాటు ఉండాలె" అన్నారు.

అంటే నా గుడిసెలో మనిషిని పనికి నిలబెట్టకూడదన్నమాట! అయినా మొండిగా పది నిమిషాలు లోపల నిలబడ్డాను. చెమట పడుతోంది, ఆరడం లేదు. చీర ఒంటికి అంటుకుపోయింది, గుండె దడదడలాడింది. బయటికొచ్చి గట్టు మీద కూలబడ్డాను.

"మీకు రోజూ ఇట్లనే ఉంటుందా?" అని అడిగాను.

"లేదులే, గాలి మస్తుగా వస్తది. గాలికి దూరమైన కొద్దీ జర ఉబ్బరిస్తది, అంతే" అని నవ్వేశారు.

ఆ 'జర' అన్న మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన చెమట బట్టలు రెండు సార్లు సబ్బు పెట్టి ఉతకాల్సి వస్తోందని ఎన్నిసార్లు సణిగానో. డ్యూటీ దిగి వచ్చి అన్నం తిని అలాగే నిద్రపోతారని, సాయంత్రం పెళ్ళికి రమ్మంటే రారని ఎన్నిసార్లు అలిగానో. ఎనిమిది గంటల పని అని తెలుసు గానీ, ఆ ఎనిమిది గంటలూ ఎలాంటి గాలిలో గడుస్తాయో ఒక్కనాడూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. పది నిమిషాలు నిలబడేసరికి నాకే తెలిసొచ్చింది.

మర్నాడే గుడిసె రూపు మార్చేశాం. అటూ ఇటూ పట్టాను చాపలా పైకి చుట్టేలా కట్టాం. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి కప్పు దగ్గర జానెడు సందు వదిలాం. పట్టాకు అడుగు ఎత్తున ఆకుపచ్చ షేడ్‌నెట్ వేశాం. లండన్ ఎండ వేరు, రామగిరి ఎండ వేరని అప్పటికి గాని బుద్ధి రాలేదు. దుమ్ము పడితే పడిందని, పొద్దున్నే ఆకులు కడగడం మొదలుపెట్టాను. తీగలో ఒక్క కణుపు మాత్రం పచ్చగా మిగిలింది. దాన్ని కోసి, ఇసుకా పశువుల ఎరువూ కలిపిన మట్టిలో నాటి, అమ్మ పేరు తలుచుకున్నాను.

అప్పటి నుంచి పాత స్కూలు నోటుబుక్కులో రోజూ మూడు పూటలా రెండు అంకెలు రాస్తున్నాను. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు. పాల లెక్క రాసినట్టే, పెద్ద పనేం కాదు. ఆ పుస్తకం నాకు చెప్పినవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

మే నెల మధ్యాహ్నం వాకిట్లో నీడన పొడిది 44, తడిది 25. తేడా 19. గాలిలో తేమ ఇరవై శాతం ఉంటే గొప్ప. అప్పుడు మొక్కకు తడి కావాలి. నేల మీద నీళ్ళు చల్లి, గాలి వచ్చే వైపు తడిపిన గోనెసంచులు కడితే ఆ తడి ఆరుతూ లోపల బాగా చల్లబడుతుంది. మన ఇళ్ళలో కూలరు, వట్టివేళ్ళ తడకలు పనిచేసేదీ ఇందుకే.

ఆగస్టు ముసురులో పొడిది 29, తడిది 27.5. తేడా ఒకటిన్నరే, తేమ తొంభైకి దగ్గర. ఇప్పుడు గోనెసంచి కట్టినా, కూలరు పెట్టినా లాభం లేదు, జిగట తప్ప. వానాకాలంలో కూలరు చెడిపోయిందని మెకానిక్కును పిలిచే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోండి. మొక్కలకు ఈ రోజుల్లో నీళ్ళు తగ్గించి, పట్టా పూర్తిగా ఎత్తి, గాలి ఆడనివ్వాలి. లేదంటే నారు మొదలు కుళ్ళి పడిపోతుంది. చలికాలం తెల్లవారుజామున రెండు అంకెలూ ఒకటే అయితే ఆకుల మీద నీళ్ళు నిలిచాయని అర్థం. ఎండెక్కగానే ఒక పక్క తెరవాలి. సాయంత్రం ఆకుల మీద నీళ్ళు పోయనే కూడదు, మొదట్లో మాత్రమే పోయాలి.

30 డిగ్రీల దగ్గర తేడా నాలుగు ఉంటే తేమ డెబ్భై పైచిలుకు. నా తమలపాకు తీగ కళకళలాడేది అప్పుడే. టమాటాకు అంత తేమ అక్కర్లేదు గానీ పగటి వేడి 35 దాటితే పూత రాలుస్తుంది. ఎండాకాలం దాని మీద ఆశ పెట్టుకోకుండా నారు వానాకాలంలోనే పోస్తున్నాను.

మా అబ్బాయి తేమ శాతం నేరుగా చూపించే చిన్న డిజిటల్ మీటరు కొనిచ్చాడు. మంచిదే గానీ గుడ్డిగా నమ్మకండి. దాన్ని పరీక్షించడానికి మన వంటింటి ఉప్పు చాలు. సీసా మూతలో ఉప్పు వేసి, కరిగిపోకుండా ముద్దగా తడిసేటన్ని చుక్కల నీళ్ళు పోయండి. మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టి, రాత్రంతా ఒకే చోట ఉంచండి. తెల్లారి 75 చూపించాలి. నాది 68 చూపించింది. అందుకని దాని అంకెకు ఏడు కలిపి చదువుకుంటాను. తడిగుడ్డ వాడేవాళ్ళు గుడ్డను వారానికోసారి మార్చండి. దుమ్ము పట్టిన గుడ్డ నీళ్ళు సరిగా పీల్చదు, తప్పు అంకె చెబుతుంది.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆ వానాకాలంలో ఒకరోజు బంధువులొచ్చారు. రెండు పొయ్యిల మీదా వంట, కుక్కరు ఆవిరి, జల్లు కొడుతోందని కిటికీ మూసి ఉంది. చెమటలు కారుతుంటే ఎందుకో బుద్ధి పుట్టి, గుడిసెలో ఉన్న చెక్క తెచ్చి వంటింట్లో మేకుకు తగిలించాను. విసనకర్రతో విసిరి చూస్తే పొడిది 36, తడిది 31.

మా వారిని పిలిచి చూపించాను. "మీ బాయి రూలు ప్రకారం 30.5 దాటితే గాలి పెట్టాలన్నారుగా. మరి నా బాయికి ఎవరు పెడతారు?" అన్నాను నవ్వుతూనే.

ఆయన నవ్వలేదు. ఆ అంకెల వైపు, నా మొహం వైపు చూశారు. "ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

"మీరు చెప్పారా?" అన్నాను.

వచ్చిన ఆదివారం వంటింటి గోడకు పొగ లాగే ఫ్యాను బిగించారు. పెద్ద ఖర్చేం కాదు, ఇన్నేళ్ళూ మా ఇద్దరికీ తట్టలేదంతే. ఇప్పుడు ఆయన డ్యూటీ దిగి వచ్చాక గంటన్నర నిద్రపోతే, ఆ గదిలో చప్పుడు కానివ్వను. బట్టలు ఉతికేటప్పుడు సణగను. అదేం గొప్ప అని మీరనుకోవచ్చు, నాకు మాత్రం గొప్పే.

ఆ ఒక్క కణుపు చిగురేసి, ఇప్పుడు గుడిసె కప్పు అందుకుంది. మొన్న శ్రావణమాసం పేరంటానికి బజారులో తమలపాకులు కొనలేదు. మా ఇంటికొచ్చిన ముత్తైదువులందరికీ అమ్మ తీగ ఆకులే ఇచ్చాను.