పావురాల ఇల్లు ఎక్కడ?

మా పాత ఇంటి చూరుకు పదకొండు కుండలు వేలాడుతుండేవి. అంచు విరిగినవి, చిల్లు పడినవి, వంటకు పనికిరానివి. వాటిని అడ్డంగా కట్టి లోపల కాస్త గడ్డి పరిస్తే పావురాలకు అదే ఇల్లు. దేవీపట్నం మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న మా కోయ గూడెంలో కోళ్ళు లేని ఇల్లు లేదు. పావురాలు మాత్రం రెండు మూడు ఇళ్ళల్లోనే ఉండేవి. మా ఇంట్లో తాత వాళ్ళ నాయన కాలం నుంచీ ఉన్నాయి. వాటికి తలుపు లేదు, గడియ లేదు. తెల్లారగానే చేల మీదికి పోయేవి, ఎండెక్కితే వచ్చి చూరు కింద కూర్చునేవి. సాయంత్రం తాత గుప్పెడు జొన్నలు అరుగు మీద చల్లి, నాలుకతో టక్ టక్ మని చప్పుడు చేసేవాడు. అన్నీ దిగేవి.

చిన్నప్పుడు మేము చిలక పిల్లలను కూడా చెట్టు తొర్రల్లోంచి తెచ్చి పెంచాం. అడవి చిలకను ఇంట్లో పెంచకూడదని 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చట్టం తెలియకముందే చిలకే మాకు ఒక సంగతి చెప్పింది. రెక్కలు వచ్చాక అది వెనక్కి చూడదు. పావురం అలా కాదు. ఎంత దూరం తీసుకుపోయి వదిలినా పుట్టిన గూటికే వస్తుంది. ఎండపొద్దును బట్టీ, భూమిలోని అయస్కాంత శక్తిని బట్టీ దారి పట్టుకుంటుందని చదువుకున్నవాళ్ళు చెబుతారు. తాత మాత్రం, "దానికి ఇల్లు తెలుసు" అనేవాడు, అంతే.

2021 మే నెలలో ఊరు ఖాళీ చేశాం. పోలవరం ఎగువ కాఫర్ డ్యాం లేచింది. ఆ జూన్‌లోనే నదిని స్పిల్‌వే మీదికి మళ్ళించారు. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. మా ఊరు దానికి చాలా కింద ఉంది. అంతకు ముందే వచ్చి ఇళ్ళు కొలిచారు, చెట్లు లెక్కపెట్టారు. మామిడి ఇన్ని, చింత ఇన్ని, తాడి ఇన్ని. కోళ్ళకూ పావురాలకూ ఆ కాగితంలో గడి లేదు. తాత అడిగితే రాసుకునే అబ్బాయి నవ్వి, "అవి ఎగిరి వచ్చేస్తాయిలే తాతా" అన్నాడు.

ఇరవై రెండు పావురాలను గంపల్లో పెట్టి, పైన గుడ్డ కట్టి, ట్రాక్టరు మీద గోకవరం వైపు ఉన్న కాలనీకి తెచ్చాం. అక్కడ మాకిచ్చినది స్లాబు ఇల్లు. దానికి చూరు లేదు. కుండ కట్టడానికి దూలం లేదు. ఇంటి వెనక నాలుగు ఇనుప గొట్టాలు పాతి, చుట్టూ కోళ్ళ జాలీ బిగించి, పైన రేకు వేసి పెద్ద దొడ్డి కట్టాం. ఊరి నుంచి తెచ్చిన కుండలనే లోపల వేలాడదీశాం. సంతలో పావురాలమ్మే ఒకాయన, "నలభై రోజులు మూసి ఉంచండి. లేకపోతే రెక్కల ఈకలు కత్తిరించండి" అని చెప్పాడు. మూయడానికి తాత ఒప్పుకున్నాడు, కత్తిరించడానికి ఒప్పుకోలేదు.

ముప్పై రోజులు కూడా కాలేదు. ఒక రాత్రి గాలివాన వచ్చి రేకు లేపేసింది. తెల్లారి చూస్తే దొడ్డి ఖాళీ. పిల్లలు ఏడ్చారు. సాయంత్రం తాత జొన్నలు చల్లి చాలాసేపు టక్ టక్ మన్నాడు. పక్కింటి కోళ్ళు వచ్చి తినిపోయాయి. పావురాలు పారిపోయాయని మేము అందరికీ చెప్పుకున్నాం.

నాలుగో రోజు ఫోనొచ్చింది. ఊళ్ళో ఇంకా మిగిలిపోయిన మా మేనమామ చేశాడు. "ఏం బావా, మీ పిట్టలు ఇక్కడున్నాయే. మీ గోడల మీదే కూర్చున్నాయి" అన్నాడు. ఆ మాట తాతకు చెబితే, "మీరు పారిపోయాయన్నారు. అవి ఇంటికి పోయాయి" అన్నాడు.

నాటు పడవ మీద వెళ్ళాం. అప్పటికే వీధిలోకి నీళ్ళొచ్చాయి. వచ్చేటప్పుడు తలుపులూ దూలాలూ పెంకులూ మేమే ఊడదీసి తెచ్చుకున్నాం కాబట్టి ఇంటికి నాలుగు మట్టి గోడలే మిగిలాయి. ఆ గోడల మీద, సరిగ్గా కుండలు ఉండే వైపే, వరసగా కూర్చున్నాయి. లెక్కపెడితే పదిహేడు. మిగతా ఐదూ ఏ డేగ పాలయ్యాయో. చీకటి పడేదాకా ఆగాం. చీకట్లో పావురం ఎగరదు. టార్చి పట్టుకుని ఒక్కొక్కదాన్నీ చేతుల్లోకి తీసుకున్నాం. మన చేతిలో దాని గుండె కొట్టుకోవడం తెలుస్తుంది. దొంగతనానికి వచ్చినట్టనిపించింది. మా ఇంటికి మేమే, మా పిట్టల కోసమే.

ఈసారి నలభై రోజులూ లెక్కపెట్టి మూశాం. తలుపు తీసిన పొద్దున పదిహేను లేచాయి. కాలనీ మీద రెండు చుట్లు తిరిగి, గోదావరి వైపు తిరిగాయి. మళ్ళీ తేవడానికి మేము వెళ్ళలేదు. తాత వద్దన్నాడు.

రెండు మాత్రం పోలేదు. వాటి కుండలో గుడ్లున్నాయి. పావురం రెండు గుడ్లు పెడుతుంది. పద్దెనిమిది రోజుల పాటు మగదీ ఆడదీ వంతులు వేసుకుని పొదుగుతాయి. పిల్లలు పుట్టాక గొంతు సంచిలో ఊరే పాలలాంటి మేతను ఇద్దరూ నోటికి నోరు పెట్టి తాగిస్తాయి. పిల్లల్ని వదిలి పోలేక ఆ జంట ఉండిపోయింది. నెల దాటాక ఆ పిల్లలు తలుపులోంచి బయటికొచ్చి మొదటిసారి ఎగిరాయి. మేమంతా ఊపిరి బిగబట్టి చూశాం. నీళ్ళ ట్యాంకు మీద వాలాయి. అక్కడి నుంచి మా డాబా మీదికి, డాబా మీది నుంచి దొడ్డిలోకి వచ్చేశాయి. గోదావరి వైపు చూడనే లేదు. దాన్ని అవి ఎప్పుడూ చూసి ఉండలేదు కదా.

2022 జులైలో పెద్ద వరద వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు పోయింది. 1986లో 75.6 అడుగుల వరద చూసిన తాత, "అప్పుడు నీళ్ళు వచ్చి పోయాయి. ఇవి పోవు" అన్నాడు. గండి పోచమ్మ గుడి మునిగింది. మా మట్టి గోడలు కరిగిపోయాయి. మేనమామ కుటుంబం కూడా బయటికి వచ్చేసింది.

ఆగస్టులో ఒక సాయంత్రం మూడు పావురాలు దొడ్డి రేకు మీద వాలాయి. చిక్కిపోయి ఉన్నాయి. ఒకదాని తోక ఈకలు ఊడిపోయాయి. రెండు రోజులు లోపలికి రాలేదు. మూడో రోజు తాత గింజలు చల్లితే తల వంచుకుని దిగాయి. "ఇల్లు పోయాక వచ్చాయి, మనలాగే" అన్నాడు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

ఇప్పుడు దొడ్డిలో పద్నాలుగు ఉన్నాయి. తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. ఇక్కడ పుట్టినవి ఇక్కడికే వస్తున్నాయి. చూసినవాళ్ళు "అలవాటు పడ్డాయిగా, మీరూ అలాగే పడతారు" అంటారు. ఆ మాటకు మా జవాబు ఒకటుంది. పావురానికి గూటితో పాటు మేత కావాలి. అక్కడ అవి మా చేలల్లో తిన్నాయి. ఇక్కడ సంచిలో కొన్న జొన్నలు తింటున్నాయి. మా సంగతీ అంతే. ఇప్పపువ్వు, చింతపండు, వెదురు, చేపలు, పోడు అన్నీ వెనకే ఉండిపోయాయి. పొద్దున్నే ఆటో ఎక్కి ఎవరి పొలంలోకో కూలికి పోతున్నాం. గూడు కట్టి ఇచ్చినంత మాత్రాన అది ఇల్లు కాదు. భూమికి భూమి అడుగుతున్నది అందుకే.

మా పిల్లల సంగతి ఇంకోటి. ఈ మధ్య బడిలో ఒక ఫారం ఇచ్చారు. అందులో "స్వగ్రామం" అని ఉంటే మా చిన్నమ్మాయి కాలనీ పేరు రాసుకొచ్చింది. తప్పేం కాదు. దానికి ఊహ తెలిసింది ఇక్కడే. కోయ మాట అర్థమవుతుంది గానీ జవాబు తెలుగులో ఇస్తుంది. దిద్దాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. తాత ఫారం చేతిలోకి తీసుకుని, "అది రాసింది ఉంచండి. దాని పక్కన మన ఊరి పేరు కూడా రాయండి" అన్నాడు.

గడి చిన్నది. రెండు పేర్లు పట్టలేదు. అంచు మీద రాసి పంపాం.