ఫ్రిజ్‌లో ధర్మశాస్త్రం

జెరూసలెంలో మహానె యెహుదా మార్కెట్ వెనక సందుల్లో ఓ చిన్న యెషివా. యూదు యువకులు మతశాస్త్రాలు చదివే విద్యాలయమది. పఠనమందిరంలో ఇద్దరిద్దరుగా కూర్చుని తాల్ముడ్‌పై గొంతెత్తి వాదించుకుంటారు. ఆ శాస్త్రం ఆచరణలో ఎలా ఉంటుందో చూడాలంటే మాత్రం వంటగదిలోని పాత ఫ్రిజ్ తలుపు తీయాలి.

నీలం చీటీ అంటించిన పై అర పాల పదార్థాలకు. ఎర్ర చీటీ ఉన్న అడుగు అర మాంసానికి. మధ్యలో కూరగాయలు, గుడ్లు, అంటే రెంటికీ చెందని 'పార్వె'. మేకపిల్లను తల్లి పాలలో ఉడికించడాన్ని తోరా మూడుచోట్ల నిషేధించింది. వేర్వేరు గిన్నెలు, మాంసం తిన్నాక పాలు ముట్టడానికి చాలామంది పాటించే ఆరు గంటల విరామం దాన్నుంచి పుట్టినవే. మాంసం అడుగునే ఎందుకు? రసం కారినా పెరుగు మీద పడకుండా.

అతిథిగా వెళ్లిన నేను తొలిరోజే తప్పు చేశాను. మూత సరిగా పెట్టని పెరుగు డబ్బాను ఎర్ర చీటీ అరలో ఉంచాను. అది ఒలికి, ఓ విద్యార్థికి తల్లి పంపిన కోడికూర గిన్నె మీద పడింది. పారేయాల్సిందేనేమోనని నా గుండె జారిపోయింది. అతడు వెళ్లి రబ్బీని అడిగొచ్చాడు. గిన్నె మూత బిగువుగా ఉంది, రెండూ చల్లనివే. చన్నీళ్లతో కడిగితే చాలన్నారు. నిషేధం ఎంత కఠినమో, తిండి వృథా కానివ్వని తర్కం అంత సూక్ష్మం.

పాల సంచి మీద పేరు రాయడం మరో నియమం. తిరిగి ఇచ్చేద్దామనే ఉద్దేశంతో తీసుకున్నా, చెప్పకుండా తీస్తే అది దొంగతనమేనంటుంది తాల్ముడ్. పేరు రాసేది తన పాలు దక్కించుకోవడానికే కాదు, పక్కవాడు పొరపాటున దొంగ కాకుండా ఉండటానికి కూడా.

శుక్రవారం సూర్యాస్తమయంలోపు లోపలి బల్బు ఊడదీయాలి. సబ్బాత్ నాడు దీపం వెలిగించకూడదు, తలుపు తీస్తే బల్బు వెలుగుతుంది. వంతు వచ్చినవాడు మరిచిపోతే శనివారం రాత్రిదాకా అందరి తిండీ లోపలే.

చివరి రాత్రి ఆ కుర్రాడు కోడికూరతో, నేను పెరుగుతో ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. అతడు మా మధ్య ఓ ఖాళీ సీసా పెట్టాడు. మన హాస్టళ్లలో వేరు బల్లలు చూసినవాణ్ని, మనసు చివుక్కుమంది. అడిగితే నవ్వాడు. పరిచయం లేనివాళ్ల మధ్య ఈ గుర్తు అక్కర్లేదట. ఒకరి కంచంలోంచి ఒకరు ముద్ద తీసుకునేంత చనువున్న వాళ్ల మధ్యే పెట్టాలట.