37 ఏళ్లు ఆలస్యంగా వచ్చిన శనివారం

‘ఆజ్ శనిబార్’ అని ఒక బెంగాలీ పాట ఉంది. ‘ఈరోజు శనివారం’ అని అర్థం. దాదాపు 8 నిమిషాలుంటుంది. ముప్పై సెకన్ల రీల్‌నే సగంలో తోసేసే మనం అంతసేపు వింటామా అనుకోకండి. యూట్యూబ్ తనంతట తానే నాకు వినిపించిన ఈ పాటను ఆఫీసు క్యాబ్‌లో పోతూ, వస్తూ రోజూ వింటున్నా. ఇంకా విసుగు రాలేదు.

పాడినావిడ పేరు రూపా బిశ్వాస్. ఆల్బమ్ పేరు ‘డిస్కో జాజ్’. వచ్చింది 1982లో. ఎవరూ పట్టించుకోలేదు. 2019లో షికాగోకు చెందిన ‘న్యూమెరో గ్రూప్’ అనే సంస్థ దాన్ని మళ్లీ ఎల్పీ రికార్డుగా విడుదల చేసింది. మధ్యలో 37 ఏళ్లు. నన్ను పట్టుకున్నది పాటతో పాటు ఆ ఖాళీ కూడా.

మొదట్నుంచీ చెప్తా. రూప కోల్‌కతా అమ్మాయి. 1981లో కెనడాలోని కాల్గరీలో ఉన్న సోదరుడి దగ్గరికి వెళ్లింది. అక్కడ ఒక కచేరీలో పాడింది. అప్పట్లో ఆ ఊళ్లోనే ఉన్న సరోద్ విద్వాంసుడు ఆశిష్ ఖాన్‌కు ఆ గొంతు నచ్చింది. ఆయనెవరో తెలుసా? అలీ అక్బర్ ఖాన్ కొడుకు, అల్లావుద్దీన్ ఖాన్ మనవడు. పండిట్ రవిశంకర్ సితార్ నేర్చుకున్నది ఆ తాతగారి దగ్గరే. అలాంటి ఇంట్లోంచి వచ్చిన మనిషి, ‘పద, డిస్కో చేద్దాం’ అన్నట్టు ఒక ఆల్బమ్ మొదలుపెట్టేశారు. ఆయన తమ్ముడు ప్రాణేశ్ ఖాన్ తబలా పట్టుకున్నారు. గిటార్, బేస్, డ్రమ్స్ వాయించింది అక్కడి కెనడా కుర్రాళ్లు. మొత్తం నాలుగంటే నాలుగే పాటలు.

వింటే ఏముంటుంది అందులో? డిస్కోకి ప్రాణం కాలి కింద ఉంటుంది. ఆగకుండా నాలుగు దెబ్బలు, ధన్ ధన్ ధన్ ధన్ అని. దాని మీద ఫంక్ గిటార్ చిట్లిస్తున్నట్టు తీగలు మీటుతుంది. ఇక్కడిదాకా ఎక్కడైనా వినొచ్చు. సరోద్ వచ్చి కూర్చున్నాకే కథ మారుతుంది. సరోద్‌కు గిటార్‌లాగా మెట్లుండవు, నున్నటి స్టీలు పలక ఉంటుంది. అందుకే స్వరం ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతదు, జారుతుంది. కింద లయ కొలిచినట్టు నడుస్తుంటే పైన స్వరం జారుతూ ఉంటుంది. ఈ రెండింటి మధ్యలో రూప గొంతు. అరుపు లేదు, హడావుడి లేదు. శనివారం సాయంత్రం డాబా మీద నిలబడి పాడుకుంటున్నట్టు ఉంటుంది.

మరి ఎందుకు ఆడలేదు? మన దేశంలో దీన్ని విడుదల చేసింది కోల్‌కతాలోని పాత రికార్డు కంపెనీ మెగాఫోన్. అప్పటికే జనాలు వేరే డిస్కో మత్తులో ఉన్నారు. 1980లో ‘ఖుర్బానీ’ సినిమాలో నాజియా హసన్ పాట మోగిపోయింది. మరుసటేడే ఆమె ‘డిస్కో దీవానే’ ఆల్బమ్. 1982 చివర్లో మిథున్ చక్రవర్తి ‘డిస్కో డాన్సర్’. ఆ హోరులో ఎనిమిది నిమిషాల బెంగాలీ పాట ఎవరికి వినపడుతుంది? రికార్డు మూలన పడింది. పాట గురించి ఇంట్లో కూడా పెద్దగా మాటల్లేవు.

కానీ ఆ కొద్ది కాపీల్లో కొన్ని చేతులు మారుతూ దేశాలు దాటాయి. డీజేలు ఎక్కించారు. ఎవరో యూట్యూబ్‌లో పెట్టారు. పాత ఎల్పీ ఒక్కోటి వందల డాలర్లు పలకడం మొదలైంది. పాడినావిడకి మాత్రం ఇవేవీ తెలియవు. చివరికి ఆమె కొడుకు ఇంటర్నెట్‌లో వెతికితే బయటపడింది, అమ్మ పాటకు ప్రపంచమంతా అభిమానులున్నారని.

ఇక్కడ ఒక లెక్క చెప్పుకోవాలి. పాత రికార్డు వెయ్యి డాలర్లకు అమ్ముడుపోయినా పాడినవాళ్లకు పైసా రాదు. అది కొన్నవాడికీ అమ్మినవాడికీ మధ్య బేరం, పాత పుస్తకాల షాపులో నవల కొన్నట్టు. దొంగ కాపీ కొట్టి అమ్మేవాళ్లతో అయితే అసలు మాటే లేదు. హక్కులున్నవాళ్లతో ఒప్పందం రాసుకుని, పాటను శుభ్రం చేసి, కొత్తగా ప్రెస్ చేసి, కళాకారుల పేర్లు, కథ అచ్చువేసి విడుదల చేస్తేనే వాటా వచ్చే దారి ఒకటి తెరుచుకుంటుంది. సరైన రీఇష్యూ అంటే అదీ. అది పాత వస్తువు మీద మోజుతో చేసే పని మాత్రమే కాదు, ఎప్పుడో ఇవ్వాల్సినదాన్ని ఇప్పుడైనా ఇవ్వడం.

ఈ కథంతా మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు అమ్మకు చెప్పా. పాట వినిపించా. కళ్లు మూసుకుని మొత్తం వింది.

“బాగుందే. గొంతు ఎక్కడా బిగబట్టలేదు,” అంది.

తర్వాత కాసేపాగి, “పాట దొరికింది సరే. ఆ వయసు దొరకదుగా,” అంది.

మా అమ్మ పెళ్లికి ముందు ఊళ్లో ఒక ఆర్కెస్ట్రాలో పాడేది. వినాయక చవితి పందిళ్లు, పెళ్లిళ్లు, శ్రీరామనవమి... సీజన్‌లో ఖాళీ ఉండేది కాదట. పెళ్లయ్యాక ఆగిపోయింది. ఎవరూ వద్దనలేదట. ‘వెళ్లి పాడు’ అనీ ఎవరూ అనలేదట. ఈ రెండో మాట ఆవిడ ఆ రోజే మొదటిసారి నాతో అంది. గొంతులో కోపం లేదు. ఉప్మాలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు చెప్పింది.

అప్పటి కార్యక్రమం ఒకటి రికార్డు చేసిన క్యాసెట్ బీరువాలో, పట్టుచీరల కింద ఉంది. బయటికి తీస్తే టేపు మీద తెల్లగా బూజు. అలాగే వేసి ఆడిస్తే టేపు తెగొచ్చు, ప్లేయర్ కూడా పాడవ్వొచ్చు. హైదరాబాద్ తెచ్చి, కోఠీలో పాత టేప్ రికార్డర్లు బాగుచేసే ఒకాయనకిచ్చా. ఆయన బూజు మెల్లగా తుడిచి, ఆడినంతవరకు ఫైల్‌గా మార్చి ఇచ్చారు. మూడు పాటలు వచ్చాయి. నాలుగోది సగంలో తెగింది.

రూప రికార్డు బతికింది కొందరి ఇళ్లలో కాపీలు మిగిలాయి కాబట్టి. అమ్మ పాటకు ఉన్నది ఒకే ఒక్క కాపీ. షికాగో నుంచి ఎవరూ వెతుక్కుంటూ రారు. మీ ఇంట్లోనూ అలాంటిది ఒకటి ఉండొచ్చు. అమ్మదో, పెద్దనాన్నదో, బుర్రకథ చెప్పిన తాతయ్యదో. బీరువా ఓసారి వెతకండి. టేపు మన తీరిక కోసం ఆగదు.

ఫైల్ వాట్సాప్‌లో పంపి, ఫోన్ చేసి అడిగా, “అమ్మా, ఆన్‌లైన్‌లో పెట్టనా?”

“వద్దే. రెండో చరణంలో శ్రుతి తప్పా,” అంది వెంటనే. అంటే అప్పటికే వినేసింది.

“మరి ఏం చేద్దాం?”

“మాకు కీబోర్డు వాయించిన అన్నయ్య ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాడట. ఆయన నంబరు ఎవరి దగ్గరుందో కనుక్కో. ముందు ఆయనకి పంపుదాం.”