అగ్ని కన్న నల్లనేల

మన పర్చూరు ప్రాంతపు స్త్రీలకు నల్లరేగడి క్రొత్త కాదు. వాన వెలిసిన చేనిలో అడుగిడినచో కాలితో సగము చేను లేచివచ్చుట యెవరెరుగరు! అట్టి నేలయే మెట్టయై, అడవి కప్పుకొని, గోండులకు పుట్టినిల్లయిన చోటు ఆదిలాబాదు మన్యము. చీరాలలో కృష్ణా ఎక్స్‌ప్రెస్సు ఎక్కినచో బండి మారకయే ఆదిలాబాదు చేరవచ్చును.

సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట భూమి బీటలువారి, కరిగిన రాయి దక్కను నేలపై వెల్లువలై పారెను. ఒకటి చల్లారినపిదప దానిపై మరియొకటి, అట్ల దొంతివలె పేరుకొనినవి. ఆ నల్లరాయి యుగములతరబడి నలిగి మట్టియైనది. ఉట్నూరు పీఠభూమి యిట్టిదే.

సోదరీమణులు ముఖ్యముగా చూడదగినది ఇంద్రవెల్లి చేరువనున్న కేస్లాపూరు నాగోబా జాతర. మెస్రం వంశమువారు జన్నారము దాపున హస్తినమడుగుకు కాలినడకను పోయి, గోదావరీజలమును తెచ్చి, పుష్య అమావాస్య రాత్రి నాగదేవునికి అభిషేకింతురు. ఆపై జరుగు ‘భేటి’ నాకన్నిటికంటె ప్రియమైనది. ఆ వంశమున మెట్టిన క్రొత్తకోడండ్రు తెల్లని వస్త్రములు ధరించి, పెద్దలవెంట దేవుని సన్నిధికి వత్తురు. అంతవరకు కోడలికి కులదేవుని పూజలో పాలులేదు. అది మొదలు ఆమె ఆ వంశపు మనిషి. మన యిండ్ల కోడలిని గడపవద్ద కడవ తన్నించి లోనికి తీసికొందుము. వారు వంశమంతయు చూచుచుండగా దేవునికే పరిచయము చేయుదురు. ఆ వేళ వారి మొగములకు ఫోనులెత్తి బొమ్మలు తీయుట మర్యాద కాదు.

జాతరకు పోవువారు ఇంద్రవెల్లి స్తూపమును దాటిపోరాదు. 1981 ఏప్రిల్ 20న భూమికై సభ చేయవచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరుపగా పలువురు మరణించిరి. అంతకుముందు 1940లో జోడేఘాట్ కొండలలో కొమురం భీము ప్రాణమిచ్చినదియు ఈ నేలకే. పత్తి పండు నేలయని ఆ జిల్లాకు తరలిన మనవైపు కుటుంబములు లేకపోలేదు. కనుక అచ్చట మనము ఒకింతసేపు నిలుచుట న్యాయము.

భీము మరణానంతరము నిజాము ప్రభుత్వము గోండుల స్థితిగతులను తెలిసికొన పంపిన పండితుడు హైమెండార్ఫు, భార్య ఎలిజబెత్తుతో మార్లవాయిలో గుడిసె వేసికొని నివసించెను. ఊరివారు వారి స్మారకములను నేటికిని కొలుచుచున్నారు. సమీపమున ఉషేగాములో ఓజాలు మైనపు అచ్చుతో ఇత్తడి బొమ్మలు పోతపోయుదురు. బేరమాడక కొనుడు, ఒక్కొక్క అచ్చు ఒక్క బొమ్మకే పనికివచ్చును.

పిల్లలకు జలపాతము చూపదలచినచో నేరడిగొండ చేరువ కుంతాల కలదు. కడెము నది సుమారు 147 అడుగులు దూకును. దిగుటకు మెట్లు నాలుగువందలకు పైబడి యున్నవి, మోకాళ్ల నొప్పులవారు పైనుండియే చూచుట మేలు. వానలు తగ్గిన ఆశ్వయుజ కార్తికములు అనుకూలములు. క్రింది మడుగులో మునిగిపోయినవారు కలరు. పిల్లల చేయి విడువవలదు.